ఫోన్లో చెరిపితే కంప్యూటర్లోనూ పోతుంది: వైఫై సింక్‌లో ముందు తెలుసుకోవాల్సింది

అనంతపురం ఫోటో స్టూడియో, డీటీపీ మిత్రులందరికీ నమస్కారం.

తలంబ్రాలు అయ్యేసరికి ఫోన్లో మూడు వందల ఫోటోలుంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి, ఆల్బమ్ ప్రింటుకు పనికిరావు. కేబుల్ పెడితే మధ్యలో కదిలి కాపీ ఆగిపోతుంది. ఫోన్ నుంచి కంప్యూటర్‌కు ఫోటోలు చేర్చే ఈ పనిని సింక్‌థింగ్ అనే ఉచిత ప్రోగ్రాం వైఫై మీదే చేస్తుంది. ఫోనూ కంప్యూటరూ ఒకే రౌటర్‌కు కలిసి ఉంటే నెట్ ప్యాక్ ఖర్చు కాదు.

అయితే సింక్ అంటే కాపీ కాదు. ఫోన్లో జాగా చాలడం లేదని పెళ్లి ఫోల్డర్ చెరిపేశారనుకోండి, ఆ చెరపడం కూడా కంప్యూటర్‌కు చేరుతుంది. అందుకే ఫోల్డర్ కలపకముందే కంప్యూటర్ వైపు వర్షనింగ్‌లో (చెరిగిన, మారిన ఫైళ్ల పాత కాపీలు దాచే సెట్టింగు) ‘ట్రాష్ క్యాన్’ ఎంచుకుని 30 రోజులు పెట్టండి. ఫోన్ వైపు పెడితే లాభం లేదు. అవతలి నుంచి వచ్చిన మార్పులకే అది పనిచేస్తుంది.

అమరిక పెద్ద కష్టమేమీ కాదు. కంప్యూటర్ బ్రౌజర్‌లో 127.0.0.1:8384 కొడితే పేజీ తెరుచుకుంటుంది. అక్కడి క్యూఆర్ కోడ్‌ను ఫోన్ యాప్‌తో స్కాన్ చేస్తే 56 అక్షరాల గుర్తింపు సంఖ్య తప్పు లేకుండా ఎక్కుతుంది. తర్వాత కంప్యూటర్లో ఫోన్‌ను అంగీకరించాలి. ఫోన్ ఫోల్డర్‌ను ‘సెండ్ ఓన్లీ’గా, కంప్యూటర్‌లోదాన్ని ‘రిసీవ్ ఓన్లీ’గా పెట్టండి. ఆ ఫోల్డర్లోనే ఫోటోషాప్ పని చేయకండి. అక్కడ మార్పు చేస్తే ‘రివర్ట్’ బటన్ కనిపిస్తుంది, అది నొక్కితే మీ ఎడిటింగ్ పోతుంది. ఫోటోలను వేరే ఫోల్డర్‌కు కాపీ చేసుకుని పని మొదలుపెట్టండి.

ఇక ఒకదానికొకటి కనబడకపోతే? మొదట చూడాల్సింది గెస్ట్ వైఫై. అది చాలా రౌటర్లలో ఒక పరికరాన్ని ఇంకోదానికి కనబడనివ్వదు. రెండోది విండోస్: ఇంటి వైఫైని ‘పబ్లిక్’గా గుర్తు పెట్టుకుని ఉంటే ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లను ఆపే విండోస్ కాపలా) అడ్డు తగులుతుంది, ‘ప్రైవేట్’కు మార్చండి.  కనెక్షన్ వరుసలో ‘రిలే’ అని కనిపిస్తే ఫైళ్లు బయటి సర్వర్ చుట్టూ తిరిగి వస్తున్నాయి, అందుకే నిదానం, డేటా కూడా ఖర్చు.

స్క్రీన్ ఆరిపోగానే ఆగిపోతే అది ఫోన్ బ్యాటరీ పొదుపు పని. యాప్ సెట్టింగుల్లో బ్యాటరీని ‘అన్‌రెస్ట్రిక్టెడ్’ చేయాలి.

వేగం గురించి చిన్న లెక్క. 4 జీబీ వీడియో సెకనుకు 4 ఎంబీ చొప్పున వస్తే పదిహేడు నిమిషాలు, 30 ఎంబీ చొప్పున వస్తే రెండుంపావు నిమిషాలు. రద్దీగా ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద మొదటి రకం మామూలే. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికే కలపండి, గోడ చాటున కాకుండా దగ్గర్లో కూర్చోండి. పంపే మధ్యలో కరెంటు పోయినా కంగారు పడొద్దు. రౌటర్ తిరిగి లేచాక, వచ్చిన ముక్కలను వదిలి మిగిలినవే తెచ్చుకుంటుంది.

నిజమైన పెళ్లి ఫోల్డర్‌కు ముందు పది ఫోటోలతో ఒక పరీక్ష ఫోల్డర్ కలపండి. ఫోన్లో ఒకటి చెరిపి, కంప్యూటర్లో దాచిన ఫైళ్లు కనిపించేలా పెట్టి ‘.stversions’ (ఎస్‌టీవెర్షన్స్) ఫోల్డర్ తెరిచి చూడండి. చెరిపిన ఫోటో అక్కడ ఉంటేనే పెళ్లి ఫోల్డర్ కలపండి.