గట్టిమేళం మోగితే ఒళ్లెందుకు జలదరిస్తుంది?

సభకు నమస్కారం. ఈ త్యాగరాయ గానసభలో చాలాసార్లు పాడాను కానీ, పక్కన తంబూరా లేకుండా మాట్లాడటానికి కూర్చోవడం ఇదే మొదటిసారి. సంగీతం వింటే మన ఒంటికీ మనసుకీ ఏమవుతుందో చెప్పమన్నారు. నేను మిమ్మల్ని కచేరీకి కాకుండా ఒక పెళ్లికి తీసుకెళతాను. సంగీతం గురించి మాకేమీ తెలియదనేవాళ్లు కూడా పెళ్లికి వస్తారు కదా. అక్కడ వాళ్ల ఒళ్లు కూడా జలదరిస్తుంది. నేను కళ్లారా చూశాను.

ముందు ఫంక్షన్ హాలు గేటు బయట ఆగుదాం. హైదరాబాద్‌లో బరాత్ అంటే తీన్‌మార్ ఉండాల్సిందే. నిజాం కాలంలో ఆఫ్రికన్ గుర్రపుదళంలో పనిచేసిన సిద్దీలు, అంటే ఆఫ్రికా మూలాలున్నవాళ్లు, ఈ ఊరికి అలవాటు చేసిన మర్ఫా అనే డప్పుల వాద్యంతో దానికి దగ్గరి చుట్టరికం. ఆ దళం పేరే, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, ఇవాళ్టికీ ఏ.సి. గార్డ్స్ పేటకు మిగిలింది. దెబ్బ పడగానే, అప్పటిదాకా కుర్చీలో ముడుచుకుని కూర్చున్న మామయ్య భుజాలు కూడా కదులుతాయి. లయ చెవిన పడినప్పుడు, మెదడులో కదలికలను నడిపించే భాగాలు కూడా పనిచేస్తాయి. మనం కదలకుండా కూర్చున్నా సరే. పార్కిన్సన్స్ జబ్బుతో అడుగు పడక ఆగిపోయేవాళ్లకు ఒకే తీరుగా తాళం వినిపిస్తూ నడక సాధన చేయించడం కూడా అందుకే. కాలు మొరాయించినా తాళం దాన్ని ముందుకు లాగుతుంది.

ఇక లోపలికి వెళదాం. ముహూర్తం దగ్గరపడింది. సన్నాయి మెల్లగా సాగుతోంది. అందరి పిడికిళ్లలో అక్షింతలు. పంతులుగారు చెయ్యి పైకెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అంటారు. డోలు ఒక్కసారిగా ఉరుముతుంది, సన్నాయి పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడు మీ చేతుల వంక చూసుకోండి.

ప్రతి రోమం మొదట్లో ఒక చిన్న కండరం ఉంటుంది. అది బిగిస్తే రోమం నిక్కబొడుచుకుంటుంది. చలికీ భయానికీ కూడా జరిగేది ఇదే. మన ఇష్టంతో పనిలేని నాడులు ఆ పని చేస్తాయి, అందుకే పులకింతను తెచ్చిపెట్టుకోలేం, వచ్చాక ఆపలేం. ధ్వని అమాంతం పెరిగినప్పుడు, కొత్త గొంతు వచ్చి కలిసినప్పుడు, అనుకోని మలుపు తగిలినప్పుడు ఇది ఎక్కువ. 1991లో జాన్ స్లొబోడా అనే మనస్తత్వ శాస్త్రవేత్త శ్రోతలను అడిగి, ఏ స్వరాల దగ్గర ఏమవుతుందో పరిశీలించారు. పక్క స్వరం మీద ఒక్క క్షణం ఒరిగి, తర్వాత అసలు స్వరంలోకి దిగే చోట్ల కన్నీళ్లు వస్తాయని చాలామంది చెప్పారు. పాడేవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

నన్ను బాగా పట్టుకున్న పరిశోధన మాత్రం మాంట్రియల్‌లో జరిగింది. 2001లో ఆన్ బ్లడ్, రాబర్ట్ జటోర్ అనే శాస్త్రవేత్తలు, పులకింత వచ్చే క్షణంలో మెదడును స్కాన్ చేశారు. మంచి భోజనం తిన్నప్పుడు ఆనందపడే చోట్లే పాటకూ మేలుకుంటున్నాయని తేలింది. 2011లో అక్కడే వాలొరీ సలింపూర్ బృందం ఇంకో అడుగు వేసింది. డోపమీన్ అనే రసాయనం రెండుసార్లు, రెండు వేర్వేరు చోట్ల విడుదలవుతోంది. పులకింత వచ్చినప్పుడు ఒకటి. అంతకు ముందే, అది రాబోతోందని తెలిసినప్పుడు ఇంకొకటి!

ఇది చదివినప్పుడు నాకు ఆలాపన గుర్తొచ్చింది. విద్వాంసుడు నిషాదం దగ్గర, అంటే 'ని' దగ్గర, తచ్చాడుతూ ఉంటాడు. దాని పైనున్న తార షడ్జం, అంటే పై 'స', అందేలా ఉంటుంది, అందదు. సభంతా ఊపిరి బిగబడుతుంది. అది అందగానే "ఆహా" అంటాం. కానీ సగం ఆనందం అప్పటికే అనుభవించేశాం. పిడికిట్లో అక్షింతలు పట్టుకుని ఎదురుచూడటం కూడా అంతే. ఈమధ్య ఒక పెళ్లిలో మేళం బదులు స్పీకర్‌లో రికార్డు పెట్టారు. మంగళసూత్రం ఇంకా పళ్లెంలో ఉండగానే గట్టిమేళం మోగి ఆగిపోయింది. చప్పుడుకేమీ లోటు లేదు, కానీ ఒక్కరి ఒళ్లూ పులకించలేదు. డబ్బు ఆదా చేయాలంటే పూల డెకరేషన్‌లో చేయండి, మేళం దగ్గర వద్దని ఆ రోజు నుంచి అందరినీ బతిమాలుతున్నాను.

ఎంత మంచి సంగీతానికైనా ఏమీ అనిపించనివాళ్లు కూడా ఉంటారు. మిగతా సంతోషాలన్నీ వాళ్లకు మామూలుగానే ఉంటాయి. వాళ్లను రాతిగుండె అనకండి, అది తప్పు.

నాట్యశాస్త్రంలో భరతుడు ఎనిమిది సాత్త్విక భావాలు, అంటే మనసులోది ఒంటి మీద కనిపించే తీరులు, చెప్పాడు. కొయ్యబారిపోవడం, చెమట, రోమాంచం, గొంతు మారిపోవడం, వణుకు, రంగు తగ్గడం, కన్నీరు, స్పృహ తప్పడం. అన్నీ మన పూర్వులే కనిపెట్టేశారని నేను అనను. కానీ మనసు పూర్తిగా లగ్నమైతే తప్ప ఇవి రావని ఆయన గమనించాడు. ఫోన్ చూసుకుంటూ పాట వినేవాళ్లకు ఆ మాట గుర్తుచేయాలనిపిస్తుంది.

చివరికి అప్పగింతలు. పెళ్లికూతురి చెయ్యి పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతుంటే ఎవరో ఒక పెద్దావిడ పాట అందుకుంటుంది. అమ్మాయి పేరు కూడా సరిగ్గా తెలియనివాళ్లు కళ్లు తుడుచుకుంటారు. యాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త 1995లో ఒక ఊహ ముందుకు తెచ్చారు. మిగతా వాద్యాల మధ్య నుంచి ఒంటరిగా పైకి లేచే గొంతు, తల్లికి దూరమైన పిల్ల పిలుపులా వినిపిస్తుందట. దానికే మన ఒళ్లు చల్లబడి జలదరిస్తుందట. అది రుజువైన సంగతి కాదు. కానీ అప్పగింతల పాట పాడే నాకు అది కొత్తగా అనిపించలేదు.

ఎన్నో పెళ్లిళ్లలో ఆ పాట పాడాను. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లిలోనూ నేనే పాడతానన్నాను. పల్లవి ఎత్తుకున్నాను. రెండో మాట దగ్గర గొంతు పూడుకుపోయింది. ఏడుపు వచ్చేటప్పుడు గాలి ఎక్కువ పోవడానికి గొంతు తెరుచుకోవాలని చూస్తుంది. స్వరం పలకాలంటే స్వరతంతువులు దగ్గరికి రావాలి. ఆ రెండింటి మధ్య నా ముప్పై ఏళ్ల సాధన నిలబడలేదు. పాలపళ్లెం పట్టుకుని అలా నిలుచుండిపోయాను.

మా పెద్ద వదిన సంగీతం నేర్చుకున్న మనిషి కాదు. ఆవిడ పక్కకు వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, నేను ఆపిన మాట దగ్గరే అందుకుంది. శ్రుతి అటూఇటూ అయింది, చరణాలన్నీ ఆవిడే పాడింది. ఆ పాట అయ్యేదాకా నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకునే ఉన్నాయి.