పండగ దీపాలు బజారు గల్లీల్లో వెలగాలి

సభలో ఉన్న పెద్దలకు, దుకాణదారులకు, తోపుడు బండ్ల అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

పండగ అలంకరణకు బల్దియా, అంటే మన నగరపాలక సంస్థ, డబ్బు పెట్టడం దుబారా అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఆ డబ్బు ఎక్కడ పెడుతున్నారన్నది మాత్రం గట్టిగా అడగాలి. ఫ్లైఓవర్ స్తంభాలకు రంగుల బల్బులు చుడితే కారులో పోయేవాళ్లు ఒక్క క్షణం చూసి దాటిపోతారు. ఆగడానికి చోటుండదు, కొనడానికి దుకాణముండదు. అవే బల్బులు మన సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కడితే, కింద నడిచే తల్లి చీరల కొట్టు ముందు నిలబడుతుంది, పక్క కొట్లో జాకెట్టు గుడ్డ చూస్తుంది, పిల్లవాడు మిర్చి బజ్జీల బండి దగ్గర ఆమె కొంగు పట్టి లాగుతాడు. మనుషులు నడిచే చోటే గిరాకీ.

ఎవరి దుకాణానికి వాళ్లే లైట్లు వేసుకోవచ్చు కదా అంటారు. వేసుకుంటున్నాం కూడా. తన షట్టర్ మీద సీరియల్ లైట్లు ఎవరైనా వేసుకుంటారు. గల్లీ మొదట్లో తోరణం ఎవరు కట్టాలి? దాని లాభం చివరి దుకాణం దాకా పోతుంది, బండివాళ్లకూ పోతుంది. అందరికీ లాభమైన దానికి ఒక్కరే జేబులోంచి తీయరు. ప్రజల సొమ్ము అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే.

రంజాన్ నెలలో చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టికి పోయి చూడండి. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కట్టించిన రాతి కమానులవి. వాటి కింద తెల్లవారుజాము దాకా బేరాలు సాగుతాయి. కాస్త ముందుకెళ్తే లాడ్ బజార్. ఆ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటి రాళ్ల తళుకు దీపాల కిందే చూడాలి. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేసి లైట్లు పెట్టాక సాయంత్రాలు అక్కడ కుటుంబాలు ఐస్‌క్రీం తింటూ కూర్చుంటున్నాయి. లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో 1954లో మొదటిసారి క్రిస్మస్ దీపాలు పెట్టారు. అక్కడ వర్తకుల సంఘమే పూనుకుంది. అదే ఏడాది మన ఖైరతాబాద్‌లో అడుగెత్తు గణపతిని నిలబెట్టారు. ఇప్పుడు ఆ జాతర చుట్టూ బొమ్మలవాళ్లు, మొక్కజొన్న కంకులవాళ్లు ఎంతమంది బతుకుతున్నారో మీకు తెలుసు.

ఎప్పుడు పెట్టాలన్నదీ ముఖ్యమే. సంక్రాంతికి నగరంలో చాలామంది ఊళ్లకు పోతారు. వాళ్లు బస్సెక్కాక దీపాలు వెలిగించి ఏం లాభం? బట్టలు కొనేది ప్రయాణానికి ముందు వారంలో. బతుకమ్మకైతే మొదటి రోజైన ఎంగిలిపూల కన్నా ముందే తోరణం లేవాలి.

ఏటా టెండరు పిలిచి కిరాయి సామాను తేవడం నాకు నచ్చదు. ఇనుప చట్రాలు ఒకసారి చేయించుకుంటే బతుకమ్మ పూలు, నెలవంక, క్రిస్మస్ నక్షత్రం మార్చి మార్చి బిగించుకోవచ్చు. ఎల్ఈడీలకు కరెంటు తక్కువ. బోనాలు వానల్లో వస్తాయి కాబట్టి తడవని జాయింట్లు, లీకైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు తప్పనిసరి. ఇప్పటికే మన గల్లీల నెత్తిన వేలాడే తీగలు చాలు.

ఇంకొకటి. అందం పేరుతో బండ్లను తరిమితే ఈ పని వద్దేవద్దు. వీధి వ్యాపారులకు 2014 చట్టం హక్కులిచ్చింది. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకునే నిర్ణయించాలి. ఆడవాళ్లకు శుభ్రమైన మూత్రశాల, నాలుగు బెంచీలు, రాత్రి ఇంటికి చేర్చే బస్సు లేకపోతే ఎన్ని దీపాలు పెట్టినా త్వరగా వెళ్లిపోతారు.

బల్దియాకు ఇచ్చే అర్జీ ఆ బల్ల మీద ఉంది. ఈ దసరాకు మన ఒక్క గల్లీతో మొదలుపెట్టమని, చట్రాల ఖర్చులో దుకాణదారుల వాటా కూడా ఉంటుందని అందులో రాశాం. చదివి, మార్పులుంటే చెప్పి, సంతకాలు పెట్టండి. బండ్ల తరఫున ఇద్దరి పేర్లు ఇవాళే కమిటీలో రాయించండి.