రీకౌంటింగ్ కాదు, ఆ కవర్లు మళ్లీ తీయించండి!

నమస్తే అండీ, అమలాపురం నుంచి మాట్లాడుతున్నాను. ముందే చెప్పేస్తున్నా. పోటీ నువ్వా నేనా అన్నట్టు ఉన్నచోట అభ్యర్థి తలరాత రాసేది ఈవీఎం కాదు, ఎన్నికల డ్యూటీలో ఉన్న టీచర్లూ ఉద్యోగులూ ముందే ఓటు వేసి ఇచ్చే పోస్టల్ బ్యాలెట్ కవరు! మెషీన్‌లో రిజల్ట్ బటన్ పదిసార్లు నొక్కండి, పదిసార్లూ అదే అంకె వస్తుంది. దానికోసం కౌంటింగ్ హాల్లో గొంతు చించుకోవడం ఎందుకండీ? చెల్లవని పక్కన పెట్టిన కవర్ల కట్ట ఉంటుంది చూశారా, ఏజెంట్లు పట్టుబట్టాల్సింది దాని దగ్గర!

2024 ఏపీ ఎన్నికల్లో ఈ కవర్ల గొడవ మీకు తెలిసిందే. ఈ ఓటు నాదేనని ఓటరు కవర్లో పెట్టే 13ఏ డిక్లరేషన్ మీద, దాన్ని ధ్రువీకరించే అటెస్టింగ్ అధికారి సంతకం ఉంది, సీలు లేదు. సంతకం చాలని ఎన్నికల సంఘం అంది. కుదరదని వైసీపీ హైకోర్టుకు వెళ్లింది, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది, రెండు చోట్లా పని కాలేదు. కాకూడదు కూడా! సీలు వెయ్యాల్సింది అధికారి. ఆయన మర్చిపోతే పోయేది టీచరమ్మ ఓటా?

మన లంక గ్రామాల్లో డ్యూటీ అంటే ఏమిటో చూసినవాళ్లకి తెలుసు. మే నెల ఎండలో మెషీన్లు పట్టుకుని పడవెక్కాలి. రాత్రి బడిలో దోమల మధ్య పడుకోవాలి. తెల్లారకముందే లేచి మాక్ పోల్ పెట్టాలి. మనందరి చేత ఓటు వేయించిన మనిషి ఓటు కట్టకట్టి మూలన పడేస్తారా? ఒళ్లు మండిపోతుందండీ నాకు!

2019 అసెంబ్లీ ఎన్నికల్లో మన రాజోలులో గెలుపు తేడా 814 ఓట్లు. విజయవాడ సెంట్రల్‌లో 25! ఒక హైస్కూలు స్టాఫంత లేదు.

అమెరికాలో మిన్నెసోటా సెనేట్ ఎన్నిక, 2008. మొదట నార్మ్ కోల్మన్‌కి 215 ఆధిక్యం. అక్కడ కాగితం బ్యాలెట్లు కాబట్టి చేత్తో మళ్లీ లెక్కపెడితే అంకె మారింది, అల్ ఫ్రాంకెన్ 49 ఓట్లు ముందుకొచ్చారు. తర్వాత పొరపాటున తిరస్కరించిన 933 ఆబ్సెంటీ ఓట్లు, అంటే మన పోస్టల్ ఓట్ల లాంటివి, లెక్కలోకి తెచ్చారు. 49 కాస్తా 225 అయింది! కోర్టులో మరికొన్ని కవర్లు తెరిస్తే 312. చూశారా, కవర్లు తెరిచిన ప్రతిసారీ అంకె కదిలింది!

మన దగ్గర గెలిచిన మెజారిటీ కన్నా చెల్లని పోస్టల్ ఓట్లు ఎక్కువుంటేనే వాటిని తప్పనిసరిగా మళ్లీ పరిశీలిస్తారు. నేనంటాను, మెజారిటీ ఎంతైనా సరే, కెమెరా ముందు ప్రతి కవరూ మళ్లీ చూడాల్సిందే.

డ్యూటీ చేసిన మాస్టార్లూ, అంగన్‌వాడీ అమ్మలూ, మీ 13ఏ మీద ఆ రోజు సీలు వేశారా లేదా? కింద కామెంట్లో రాయండి, అన్నీ చదువుతాను.