బోల్ట్-ఆన్ అంటే బోల్టు బిగించి ఇంటికెళ్లడం కాదు: 1969 కమారోకి ఫైబర్ ముందు భాగం

[గ్యారేజీ. వెనక 1969 షెవర్లే కమారో కారు, ముందు ఫెండర్లు లేవు. పక్కన బల్ల మీద ఫైబర్ హుడ్.]

నమస్తే. ఈ వీడియో కొంచెం చిరాకులో చేస్తున్నా, ముందే చెప్పేస్తున్నా. వారానికి ఒకరైనా మెసేజ్ పెడతారు, "అన్నా, ఫైబర్ హుడ్ తెప్పించా, బోల్ట్-ఆన్ అని రాశాడు, తీరా పెడితే ఒక మూల అర అంగుళం లేచి కూర్చుంది, పచ్చి మోసం" అని. మోసం కాదు తమ్ముడూ. బోల్ట్-ఆన్ అంటే రంధ్రాలు దాదాపుగా వాటి చోట ఉన్నాయని, అంతే. మిగతా పని నీది.

హుడ్ అంటే మన ఊళ్లో బానెట్, ఫెండర్ అంటే ముందు చక్రాన్ని కప్పే పక్క ప్యానెల్. డల్లాస్‌లో ఇన్నేళ్లు ఉండి నోటికి హుడ్ అనే వస్తోంది, ఏమనుకోకండి.

అసలు సంగతికి ముందు అప్పడాల దగ్గరికి పోదాం. ఎండాకాలం మా అమ్మమ్మ నులకమంచం మీద పాత చీర పరిచి అప్పడాలు ఆరబెట్టేది. నేను ఆగలేక సగం ఆరినదాన్ని ఎత్తి చూసి మళ్లీ పెట్టేవాణ్ణి. అంతే, అది దొప్పలా వంగి అలాగే ఎండిపోయేది, ఇక ఎంత నొక్కినా సాపు కాదు. ఫైబర్ పార్టు ఆ అప్పడమే. గాజు నార పరిచి, పాలియెస్టర్ రెసిన్ పట్టించి, అచ్చులో గట్టిపడనిస్తారు. చేతికి రాయిలా తగులుతుంది కానీ లోపల రెసిన్ ఇంకా వారాల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. అచ్చులోంచి తొందరగా తీసినా, తీసాక వంకరగా నిలబెట్టినా ఆ వంకరలోనే బిగుసుకుంటుంది. నా మొదటి హుడ్‌ని నేనే గ్యారేజీ గోడకి ఆనించి జులై అంతా వదిలేశా, టెక్సాస్ జులై ఎలా ఉంటుందో తెలుసుగా. ఆగస్టులో తీసి చూస్తే నడుము వంగిపోయింది. పార్టు పంపినవాణ్ణి రెండు రోజులు తిట్టుకున్నా, తర్వాత అమ్మమ్మ గుర్తొచ్చింది. దాన్ని కారు మీదే సరైన ఆకారంలో కూర్చోబెట్టి, కింద చెక్కముక్కలు ఆనించి, కారుని మూడు వారాలు ఎండలో ఉంచితే చాలావరకు దిగింది.

కాబట్టి పార్టు రాగానే బల్ల మీద సాపుగా పెట్టండి, లేదా వదులుగా కారుకి తగిలించేయండి. రంగు సంగతి తర్వాత.

[డోర్ దగ్గరికి నడుస్తూ]

ఇప్పుడు రెండో చిరాకు. అందరూ హుడ్‌తో మొదలుపెడతారు. వద్దు, డోర్ నుంచి మొదలుపెట్టండి. ఈ కమారోలో, 67 నుంచి 69 దాకా వచ్చిన వాటన్నిట్లో, ఫైర్‌వాల్, అంటే ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ, దాని వెనకంతా ఒకే బాడీ, ముందు మాత్రం బోల్టులతో తగిలించిన సబ్‌ఫ్రేమ్, అంటే ఇంజిన్‌ని మోసే ఇనుప చట్రం. దాని మీద రేడియేటర్ని పట్టుకునే కోర్ సపోర్ట్, దానికి ఫెండర్లు. సబ్‌ఫ్రేమ్ వంకరగా కూర్చుంటే, బాడీకీ దానికీ మధ్య ఉండే రబ్బరు బుష్‌లు నలిగిపోయి ఉంటే, ముందున్నదంతా వంకరే. ముందు బుష్‌లు మార్చి, ఇంజిన్ పెట్టి, కారుని టైర్ల మీద దించండి. స్టాండ్ల మీద సరిపోయిన గ్యాప్, అంటే రెండు ప్యానెళ్ల మధ్య సందు, నేల మీద సరిపోదు. అప్పుడు డోర్‌ని వెనక ప్యానెల్‌తో సరిచూసి, డోర్‌కి ఫెండర్‌ని, ఫెండర్లకి హుడ్‌ని. వరస తప్పితే ఆ గ్యాపుల వెంట నెలంతా తిరుగుతారు.

గ్యాప్ ఎంత? 3/16 అంగుళం, ఐదు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. అంత మందమున్న పుల్ల ఒకటి దగ్గర పెట్టుకుని గ్యాప్ పొడుగునా జరిపి చూడండి, ఎక్కడ పట్టేస్తోందో, ఎక్కడ వదులో చెయ్యే చెబుతుంది. పెయింట్ రెండు అంచుల్నీ లావు చేస్తుంది కాబట్టి రంగుకి ముందు ఇంకాస్త ఎక్కువే ఉంచుకోండి.

సరే, ఫెండర్ ఎత్తు తేడాగా ఉంది. బోల్టు బిగించి లాగేద్దామా? వేయించిన అప్పడాన్ని బొటనవేలితో నొక్కి చూడండి ఏమవుతుందో. ఇదీ అంతే, కాకపోతే ఈ రోజు కాదు, రంగు వేసిన ఆరు నెలలకి బోల్టు చుట్టూ సాలెగూడులా పగుళ్లు కనిపిస్తాయి. ఖాళీ ఉన్నచోట షిమ్‌లు, అంటే పల్చటి రేకు ముక్కలు పెట్టండి, రేకు ఫెండర్‌కి కూడా ఫ్యాక్టరీవాళ్లే షిమ్‌లు పెట్టారు, ఇందులో నామోషీ ఏం లేదు. రంధ్రం చాలకపోతే రౌండ్ ఫైల్‌తో సాగదీయండి. కింద పెద్ద వాషర్ వేయండి. అంచు తక్కువైతే రెసిన్‌లో గాజు నార కలిపి పెంచుకోవచ్చు, ఎక్కువైతే అరగదీయొచ్చు, రేకుతో ఈ సుఖం ఎక్కడిది. అరగదీసేటప్పుడు మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ పొడి ఒంటికి తగిలితే దురదగొండాకే గుర్తొస్తుంది.

[టైమ్ చూసుకుని]

అమ్మో, అప్పుడే ఇంతసేపైందా. మిగతావి గబగబా చెప్పేస్తా.

హుడ్ హింజ్‌ల పాత స్ప్రింగులు బరువైన రేకు హుడ్ కోసం చేసినవి, ఫైబర్‌ది మూసేటప్పుడు వెనక భాగాన్ని అవే వంచేస్తాయి. తక్కువ బలం ఉన్నవి వేయండి, లేదా హింజ్‌లు తీసేసి నాలుగు మూలలా హుడ్‌ని బిగించి పట్టుకునే పిన్నులు పెట్టుకోండి. హింజ్‌లు ఉంచినా ముందు రెండు పిన్నులు ఉండాల్సిందే, హైవే మీద హుడ్ లేచి అద్దాన్ని కొడితే నవ్వులాట కాదు.

లైట్లు. పాత కార్లలో కొన్ని లైట్లకి విడిగా నెగటివ్ వైరు ఉండదు, రేకే వైరు. ఫైబర్‌లో కరెంటు పోదు. నేను రెండు సాయంత్రాలు పార్కింగ్ లైటు బల్బులు మార్చుకుంటూ కూర్చున్నా, మా ఆవిడ వచ్చి "వైరు ఎక్కడికి పోతోంది?" అని అడిగేదాకా వెలగలేదు, లైటూ, నాకూ. ఒక నల్ల వైరు తెచ్చి ఫ్రేమ్‌కి కలపండి.

రంగుకి ముందు: అచ్చుకి రాసిన మైనం పార్టుకి అంటుకుని ఉంటుంది. ముందు మైనం పోగొట్టే ద్రావకంతో తుడిచి, ఆ తర్వాతే ఉప్పుకాగితం. తిరగేసి చేస్తే మైనాన్ని గీతల్లోకి మీరే రుద్దినట్టు, ప్రైమర్ ఊడొస్తుంది.

ఇంకొకటి, ముందు బరువు తగ్గింది కదా, కారు మూతి కొంచెం పైకి లేస్తుంది. టైరుకీ ఫెండర్‌కీ మధ్య ఖాళీ చూసి కంగారుపడి ఫెండర్‌ని మళ్లీ విప్పకండి, చూడాల్సింది స్ప్రింగ్. స్ప్రింగ్ గొడవ వచ్చే వీడియోలో, అప్పటికి నా ఎడమ ఫెండర్ ఆరి ఉంటే.