పొసగని రికార్డుల మధ్య వంశచరిత్ర

సభకు నమస్కారం.

కుటుంబ చరిత్ర రాయడానికి పూనుకున్నవారు మొదట ఆధారాలు దొరకవేమోనని దిగులుపడతారు. కొంతకాలం గడిచాక దిగులు వేరే రూపం తీసుకుంటుంది. దొరికిన ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగవు. తాతగారు పుట్టిన సంవత్సరం జాతకంలో ఒకటి, బడి రిజిస్టరులో మరొకటి, మరణ రిజిస్టరులోని వయసును బట్టి లెక్కగడితే ఇంకొకటి అవుతుంది. అప్పుడు ఎక్కువమంది చేసేవి రెండు పనులు. ఎక్కువ కాగితాల్లో ఉన్న తేదీని తీసుకుంటారు, లేదా ప్రభుత్వ ముద్ర పడ్డ కాగితాన్ని నమ్ముతారు. ఈ రెండు పద్ధతులూ నిలవవని, కాగితం మీద ఏముందో చూసేముందు ఆ మాట ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ అవసరానికి చెప్పారు అని విచారించాలని ఈ పూట మీకు మనవి చేయదలచుకున్నాను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఏ ఒక్క ఇంటిదీ కాదు. కోస్తా జిల్లాల్లో అటకల మీద భద్రంగా ఉండే కాగితాల కట్టలు ఎలా ఉంటాయో అలా కూర్చిన నమూనా. ఒక పెద్దమనిషి జాతకంలో దుర్ముఖి నామ సంవత్సరం, మాఘ మాసం అని ఉంది. బడి రిజిస్టరులో ఆయన పుట్టిన తేదీ 1899 జూలై 1. ఆయన 1958లో పోయినప్పుడు గ్రామ మునసబు రాసిన రిజిస్టరులో వయసు 65, అంటే 1893లో పుట్టినట్టు లెక్క.

ముందు జాతకం సంగతి చూద్దాం. దుర్ముఖి అనగానే 1896 అని రాసుకోవడం తొందరపాటు. ఆ సంవత్సరం 1896 ఉగాదికి మొదలై 1897 ఉగాదికి ముందు ముగిసింది. మాఘం దాని చివర్లో వస్తుంది కాబట్టి పుట్టింది 1897 ఫిబ్రవరి ప్రాంతం. వంశవృక్షాల్లో కనిపించే ఒక్క ఏడాది తేడాల్లో చాలా భాగం ఈ మాఘ ఫాల్గుణాల లెక్క దగ్గరే పుడతాయి. తర్వాత అడగవలసింది, ఈ జాతకం పుట్టినప్పుడు వేసిన అసలా, లేక పెళ్ళి సంబంధాలు చూసేనాడు ఎత్తి రాయించిన నకలా అని. నకలైతే మార్పులకు చోటుంది. అదృష్టవశాత్తు జాతకాన్ని జాతకంతోనే పరీక్షించవచ్చు. తిథి, వారం, నక్షత్రం మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. మాఘ పౌర్ణమి నాడు చంద్రుడు మఖ నక్షత్రం చుట్టుపక్కల ఉంటాడు. ఆ రోజుకు రోహిణి అని రాసి ఉంటే తిథో నక్షత్రమో, రెండింటిలో ఒకటి ఎక్కడో చెడిందన్నమాట. పాత పంచాంగం తీసి వారం కూడా కలిస్తే, ఆ తేదీని ఎవరో ఊహించి రాశారని అనడం కష్టం.

ఇక్కడ చిన్న మాట. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. తెల్లవారుజామున 3 గంటలకు పుట్టిన బిడ్డకు జాతకంలో సోమవారం అనీ, రిజిస్టరులో మంగళవారపు తేదీ అనీ ఉంటే రెండూ నిజమే. ఇలాంటి ఒక్క రోజు తేడాలను వైరుధ్యాల పట్టికలోకి ఎక్కించనవసరం లేదు.

బడి తేదీకి వద్దాం. జూన్, జూలై నెలల మొదటి తేదీన ఇంతమంది తెలుగువాళ్ళు ఎలా పుట్టారన్నది మన ఇళ్ళలో పాత వేళాకోళమే. బడి తెరిచే కాలానికి పంతులుగారు పిల్లవాణ్ణి చూసి, తండ్రి చెప్పిన వయసును దగ్గరి జూలైకి సర్ది రాసేవారు. సర్కారు కొలువులో చేరడానికి వయోపరిమితి ఉండేది కాబట్టి ఒకటి రెండేళ్ళు తగ్గించి రాయించడం తండ్రులకు దూరదృష్టిగానే తోచేది. ఆ తేదీయే బడి రిజిస్టరు నుంచి ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలోకి, అక్కడి నుంచి సర్వీసు రిజిస్టరులోకి, పింఛను కాగితాల్లోకి పాకింది. చూసేవారికి నాలుగు రికార్డులు ఒకే మాట చెబుతున్నట్టు ఉంటుంది. నిజానికి అక్కడ సాక్షి ఒక్కడే. మిగిలినవన్నీ ఆయన మాటకు నకళ్ళు. ఒక తేదీ ఎన్ని కాగితాల్లో ఉందో లెక్కపెట్టుకోవడం ఇందుకే దండగ.

ఇక మరణ రిజిస్టరు. చనిపోయిన తేదీ విషయంలో అది గట్టి సాక్ష్యం, ఎందుకంటే సంఘటన జరిగిన వెంటనే రాసింది. కాని అదే వరుసలో ఉన్న వయసు చెప్పినవాడు కొడుకో, అల్లుడో, పక్కింటివాడో అయి ఉంటాడు. 1890లలో జరిగిన పుట్టుక గురించి అతనికి ప్రత్యక్షంగా తెలిసింది ఏమీ లేదు. 60, 65, 70 వంటి వయసులు అడిగిన వెంటనే నోటికొచ్చే అంకెలు. ఒకే కాగితంలో ఒక గడి నమ్మదగినది, పక్క గడి నమ్మరానిది కావచ్చునన్న సంగతి గ్రహిస్తే సగం చిక్కులు విడిపోతాయి. మన నమూనాలో జాతకం అసలైనదై, లోపలి పరీక్షకు నిలిస్తే 1897 ఫిబ్రవరి నిలుస్తుంది, 1899 ఎలా వచ్చిందో వివరణ దొరుకుతుంది, 1893 ఉజ్జాయింపుగా తేలుతుంది. సరైన తేదీని ఎంచుకోవడంతో పని పూర్తికాదు. తక్కిన తేదీలు ఎందుకు పుట్టాయో కూడా చెప్పగలగాలి.

ఇప్పుడు పాత జనన రిజిస్టరులో అదే తల్లిదండ్రులకు 1894లో 'మగ శిశువు' అని ఒక నమోదు కనిపించిందనుకోండి. 1893కు దగ్గరగా ఉంది గనుక మరణ రిజిస్టరుదే ఒప్పని అనిపిస్తుంది. బారసాలకు ముందే నమోదు జరగడం వల్ల ఆ రిజిస్టర్లలో బిడ్డ పేరు ఉండకపోవడం మామూలు. ఆ శిశువు పసితనంలోనే పోయిన అన్న కావచ్చు. తర్వాతి రెండు మూడేళ్ళ మరణాల పుటలు తిప్పకుండా ఆ నమోదును మన తాతగారికి అంటగట్టకూడదు.

మరణ తిథి విషయంలో మన కుటుంబాలకు ఉన్న సౌకర్యం గొప్పది. ఏటేటా ఆబ్దికం పెట్టే ఇంట్లో మాసం, పక్షం, తిథి తరాల తరబడి చెక్కుచెదరవు. సంవత్సరం మాత్రం రెండో తరానికే జారిపోతుంది. రిజిస్టరు సంవత్సరాన్ని ఇస్తుంది, ఇల్లు తిథిని ఇస్తుంది. రెంటికీ చుక్కెదురైనట్టు కనిపించే ఒక సందర్భం ఉంది. 1947లో, అంటే సర్వజిత్తు నామ సంవత్సరంలో, శ్రావణం రెండుసార్లు వచ్చింది, మొదటిది అధిక శ్రావణం, రెండోది నిజ శ్రావణం. స్వాతంత్ర్యం వచ్చిన ఆగస్టు 15 అధిక శ్రావణ బహుళంలో పడింది. ఆ ఆగస్టు మొదటి వారంలో పోయిన వ్యక్తికి తర్వాతి ఏళ్ళలో శ్రావణ బహుళంలోనే ఆబ్దికం పెడతారు. మనవడు ఆ తిథిని 1947 నిజ శ్రావణానికి అన్వయించి లెక్కవేస్తే సెప్టెంబరు మొదటి వారం వస్తుంది. రిజిస్టరుకూ ఇంటివారికీ నెల రోజుల తేడా వచ్చిందంటే ముందుగా అధికమాసం ఉందేమో చూడాలి.

భూమి రికార్డుల్లో చిక్కు వేరు. పట్టా చనిపోయినవారి పేరు మీదనే దశాబ్దాలు నడుస్తుంది. 1919లో పోయిన మనిషి 1935 నాటి లెక్కల్లో పట్టాదారుగా ఉండవచ్చు. అంతమాత్రాన ఆయన బతికి ఉన్నట్టు కాదు. దీనికి తోడు తాత పేరు మనవడికి పెట్టే ఆచారం. ఒకే సర్వే నంబరు మీద ఒకే పేరు అరవై ఏళ్ళు కనిపిస్తే అది దీర్ఘాయుష్షే కానక్కరలేదు, ఇద్దరు మనుషులు కావచ్చు. అలాంటప్పుడు తండ్రి పేరు ఉన్న గడిని చూస్తే ఇద్దరూ విడిపోతారు. జాతకాల్లో కూడా ఈ ప్రమాదం ఉంది, ఎందుకంటే సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. దుర్ముఖి మళ్ళీ 1956లో వచ్చింది.

మద్రాసు ప్రెసిడెన్సీ ప్రాంతంలో ఇనాం భూములు, అంటే శిస్తు మినహాయించో తగ్గించో ఇచ్చిన మాన్యాలు, ఉన్న కుటుంబాలకు 1860ల నాటి ఇనాం రిజిస్టర్లు పెన్నిధి. అనుభవదారు పేరు, వయసు, మొదటి ఇనాందారుతో బంధుత్వం వాటిలో ఉంటాయి. అయితే అవి హక్కు నిరూపించుకోవడానికి చెప్పిన వివరాలు. దత్తత వచ్చినవాడు అందులో కొడుకుగా కనిపించవచ్చు, దాయాది నేరుగా వారసుడిగా కనిపించవచ్చు. కన్నవారి ఇంటిపేరు ఒక చోట, దత్తత ఇంటిపేరు మరొక చోట కనిపిస్తే ఆ రెండు పేర్లూ ఒకే మనిషివి అయ్యే అవకాశాన్ని వదలకూడదు. అదే విధంగా ఒక్కో కుటుంబానికి ఉండదగ్గ భూమికి పరిమితి పెట్టిన 1973 నాటి భూసంస్కరణల చట్టం కింద ఇచ్చిన డిక్లరేషన్లలో కొడుకుల వయసులను కాస్త అనుమానంగానే చదవాలి. మైనరు కొడుకు తండ్రి యూనిట్లో కలుస్తాడు, మేజరుకు లెక్క వేరు.

నిజాం రాజ్యంలో పాత లెక్కలు ఉర్దూలో నడిచాయి. హ్రస్వాచ్చుల గుర్తులు పెట్టకుండా రాసే ఆ లిపిలో చిన్నయ్య, చెన్నయ్య ఒకే రూపంలో ఉంటారు. 1950ల నాటి ఖాస్రా పహాణీకి, అంటే సర్వే నంబర్ల వారీ భూమి రికార్డుకు, ముందు కాగితాలను తెలుగులోకి ఎత్తినప్పుడు ఎవరికి తోచినట్టు వారు చదివారు. అందువల్ల ఇద్దరు అన్నదమ్ములు పుట్టుకొచ్చిన వంశవృక్షాలు ఉన్నాయి. ఫసలీతో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంతో, మరో మెలిక. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందన్న సూత్రం రెండు వైపులా పనిచేస్తుంది గాని, మద్రాసు ఫసలీ జూలై 1న మొదలైతే హైదరాబాదు ఫసలీ అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. 1925 ఆగస్టు జగ్గయ్యపేటలో ఫసలీ 1335, సరిహద్దు దాటి మధిరలో ఇంకా 1334. సరిహద్దుకు రెండు వైపులా భూములున్న కుటుంబాల్లో ఒకే పంపకానికి రెండు సంవత్సరాలు కనిపిస్తే ఇది గుర్తుచేసుకోవాలి.

పెళ్ళి వయసుల దగ్గర 1930 ఏప్రిల్ 1 ఒక గీత. ఆ రోజు నుంచి బాల్యవివాహాలను నిరోధించే శారదా చట్టం అమలై ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలన్నారు. ఆ గీతకు ముందు నెలల్లో తొందరపడి చేసిన పెళ్ళిళ్ళూ, ఆ తర్వాత వయసు పెంచి చెప్పిన పెళ్ళిళ్ళూ ఉన్నాయి. బ్రిటిషు చట్టం చెల్లని ఫ్రెంచి యానానికి వెళ్ళి చేసిన పెళ్ళిళ్ళూ ఉన్నాయి. ఆ ఊళ్ళో చుట్టం లేని కుటుంబం శుభలేఖలో యానాం అని ఉంటే ముద్రణ దోషమని తోసిపుచ్చకండి; వధువు వయసును తిరిగి లెక్కించండి.

విదేశాలకు వెళ్ళినవారి విషయంలో సంక్షిప్తంగా చెబుతాను. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రురో ఓడ 1860 నవంబరులో డర్బన్ చేరింది మొదలు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్ళిన మన కూలీల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు ఉంటాయి. ఇంటిపేరు సాధారణంగా ఉండదు. వయసు గుమాస్తా అంచనా, ఊరి పేరు అతనికి వినిపించిన తీరు. అక్కడి వారసులు నేడు ఇంటిపేరుగా వాడుతున్నది ఆ మొదటి మనిషి తండ్రి పేరో, సొంత పేరో అయివుండవచ్చు కాబట్టి, ఇక్కడి ఇంటిపేరుతో దాన్ని జతపరచడానికి ప్రయత్నిస్తే అందని చోటికి వెళతాం. ఊరు, తండ్రి పేరు, ఓడ సంవత్సరం, ఈ మూడింటితో వెతకాలి.

నోటి మాటను కాగితం కంటే తక్కువ చేసి చూడనక్కరలేదు. పిచ్చుకకుంట్లవారు కొన్ని కులాల గోత్రాలు, వంశాలు తరాల వారీగా పాడతారు. వారి వరుసలో ఒక తరం జారిపోవచ్చు గాని, ఏ ఇంటివారు ఏ ఊరి నుంచి వచ్చారన్న సంగతి తరచుగా భద్రంగా ఉంటుంది. ముసలమ్మ చెప్పే సంవత్సరాన్ని పక్కన పెట్టినా, 'మా పెద్దాడు పుట్టిన ఏడే ఫలానా వరద వచ్చింది' అన్న మాటను పక్కన పెట్టకూడదు. వరదకు తేదీ బయట దొరుకుతుంది.

ఇంత చేసినా కొన్ని తేలవు. తేలనప్పుడు 1893కూ 1899కూ మధ్య సగటు తీసి 1896 అని రాయడం కంటే అన్యాయం లేదు, ఎందుకంటే ఆ సంవత్సరం ఏ సాక్షీ చెప్పింది కాదు. వంశవృక్షంలో రెండు తేదీలూ రాసి, ఒక్కొక్కదాని పక్కన ఎవరి మాట, ఏ కాగితం, ఏనాటిది అని రెండు వరుసలు చేర్చండి. అసలు కాగితం ఫోటో తీసేటప్పుడు మనకు కావలసిన పేరు ఒక్కటే కాక పుట మొత్తం, పై వరుసలో ఉన్న గడుల శీర్షికలతో సహా తీయండి. పక్క వరుసల్లో ఉన్న అన్నదమ్ములు, దాయాదులు, సాక్షి సంతకాలు ఇవాళ మనకు పనికిరానివిగా కనిపించినా, రేపు మరో కాగితం బయటపడినప్పుడు ఆ రెండు తేదీల్లో ఏది నిలుస్తుందో తేల్చవలసినవి అవే కావచ్చు.