ఒక్క రేసూ గెలవనోడు ఏడాది ఛాంపియన్ ఎలాగయ్యాడు?

(ప్రపంచ సైకిల్ దినోత్సవం సభ, శ్రీకాకుళం. రికార్డింగ్ విని టైప్ చేసింది)

అందరికీ నమస్కారం. సభాధ్యక్షులు గారికి, డాక్టరు గారికి, వేదిక మీద పెద్దలకి, పొద్దున్నే వంటలు మానుకుని వచ్చిన అమ్మలకి, ఆ వెనక గోడెక్కి కూర్చున్న గుంటలకి. పేరుపేరునా చెప్పాలంటే నా టైము దానికే సరిపోద్ది, ఒక పేరు వదిలేస్తే రేపు కొట్టు ముందు నుంచి మొహం తిప్పుకుని ఎల్తారు, అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

నన్ను సైకిలూ ఆరోగ్యమూ అని మాట్లాడమన్నారు. డాక్టరు గారు ఇప్పుడే బీపీ, సుగరు, మోకాళ్ళు అన్నీ చెప్పేశారు, మళ్ళీ నేను చెప్పేదేటుంది. నాకు తెలిసింది రిమ్ము బెండు తియ్యడం, పంచరెయ్యడం, హబ్బులో బాల్సు మార్చడం. రాత్రి కొట్టు కట్టేసి ఇంటికెళ్ళాక ఫోన్లో యూరప్ సైకిల్ రేసులు చూడ్డం, ఇది మా అబ్బాయి అలవాటు చేశాడు, వాడు మానేశాడు గానీ నేను మానలేదు. మా ఆవిడ "సైకిళ్ళతో పగలంతా చాల్లేదా" అంటది.

మనోళ్ళకి తెలిసిన రేసు ఒకటే, టూర్ డి ఫ్రాన్స్. జూలైలో మూడు వారాలు, 21 స్టేజీలు, అంటే రోజుకో ముక్క, మొత్తం మీద ముందున్నోడికి పసుపు చొక్కా. 1903లో ఒక పేపరోళ్ళు పేపరు అమ్ముకోడానికి మొదలెట్టారు దాన్ని. కానీ రేసులోళ్ళకి పని ఆ మూడు వారాలే కాదండి. జనవరిలో, మన సంక్రాంతి అయ్యాక, ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గర మొదలవుద్ది. మార్చిలో ఇటలీలో మిలాన్-శాన్ రెమో అనే రేసు, ఒక్క రోజులో దగ్గరదగ్గర 300 కిలోమీటర్లు, ఇక్కణ్ణుంచి రాజమండ్రి అనుకోండి, మధ్యలో టిఫినుకి ఆగడం లేదు. ఏప్రిల్లో ఫ్రాన్స్‌లో రూబే అని ఒక ఊరికి ఎల్తారు, దారిలో రాళ్ళు పరిచిన పొలాల రోడ్లు, గెలిచినోడికి ఇచ్చేది కూడా ఒక రాయే, దాన్ని తలమీదికెత్తుకుని ముద్దులెడతాడు. మేలో ఇటలీ టూరు, తర్వాత ఫ్రాన్సు, ఆగస్టు సెప్టెంబరుల్లో స్పెయిను, అక్టోబరులో లొంబార్డీ, ఆఖర్న చైనా. ఈ మొత్తానికి 2011 నుంచి వరల్డ్ టూర్ అని పేరు, నడిపేది యూసీఐ, అంటే ప్రపంచ సైక్లింగ్ సంఘం, స్విట్జర్లాండులో ఉంటాది ఆఫీసు.

మరి ఇన్ని రేసుల్లో ఏడాది మొత్తం మీద మొనగాడెవడు? ఈ లెక్క తియ్యాలని ఆళ్ళకి ఎప్పట్నుంచో ఆత్రం. 1959 నుంచి పెర్నో అని ఒక మందు కంపెనీ సూపర్ ప్రెస్టీజ్ అని ట్రోఫీ పెట్టింది, పెద్ద రేసులన్నిటికీ పాయింట్లు. బెల్జియం ఎడ్డీ మెర్క్స్ 1969 నుంచి 75 దాకా వరసగా ఏడేళ్ళు ఇంకెవడికీ ఇవ్వలేదు దాన్ని. ఆటల్లో మందు ప్రకటనలు కుదరవని ఫ్రాన్సులో చట్టం వచ్చాక 1987తో ఆ ట్రోఫీ ఆగిపోయింది. మందు పోయినా లెక్క పోలేదు, 1989లో వరల్డ్ కప్ అని మొదలెట్టారు, ఒక్క రోజు రేసులు ఓ పది ఏరి వాటికి పాయింట్లు. మొదటేడు కొట్టింది షాన్ కెల్లీ, ఐర్లాండు రైతు బిడ్డ.

ఇప్పుడు అసలు ముక్క వినండి, ఆ వెనక మాట్లాడుకునే తమ్ముళ్ళూ, ఇది మీకే. 2004. ఇటలీ కుర్రోడు పావ్లో బెట్టిని. ఆ ఏడు వరల్డ్ కప్ రేసుల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా గెలవలేదు. గెలవలేదు! అదే దేశం దావిదే రెబెల్లిన్ ఆ కప్పు రేసుల్లోనే ఆమ్‌స్టెల్ రేసు గెలిచాడు, లియేజ్ రేసు గెలిచాడు. అయినా సీజన్ ఆఖర్న కప్పు బెట్టినిదే, రెబెల్లిన్ రెండోవాడు. ఎలాగంటే రేసు మీద రేసుకి వచ్చాడు, వానొస్తే వానలో ఎండొస్తే ఎండలో, మొదటి పదిలోనో ఐదులోనో కూర్చున్నాడు, పాయింటు పాయింటూ పోగేశాడు. (చప్పట్లు) చప్పట్లు నాక్కాదు బాబూ.

నాకు ఇదొక పెద్ద న్యాయంలా అనిపించింది. ఒప్పుకోని వాళ్ళు ఉన్నారు, ఏ రేసూ గెలవనోడు ఛాంపియనేటని. ఉండనీండి.

తర్వాత 2005లో దాన్ని ప్రోటూర్ చేశారు, మూడు వారాల రేసులూ ఒక్క రోజు రేసులూ అన్నీ ఒకే పట్టికలో, ముందున్నోడికి తెల్ల చొక్కా, 20 టీములకి లైసెన్సులు. అదిగో అక్కణ్ణుంచి కొట్లాట. టూర్ డి ఫ్రాన్స్ ఓనర్లు, ఇటలీ వాళ్ళు, స్పెయిన్ వాళ్ళు అందరూ మా రేసుకి ఏ టీము రావాలో మేం చెప్తాం, మీరెవరు అన్నారు. అన్నదమ్ముల గట్టు తగాదా లాగ ఏళ్ళు నడిచింది, 2008కి మూడు పెద్ద టూర్లూ ఆ పట్టికలోంచి బయటే. అలా నలిగి నలిగి వరల్డ్ టూర్ అయ్యింది. ఆ పట్టిక కూడా 2019 నుంచి మనిషి పేరు మీద ఇవ్వడం మానేశారు, చిన్నా పెద్దా రేసులన్నీ కలిపి ఒకే వరల్డ్ ర్యాంకింగ్ అన్నారు. టీములకి మాత్రం మూడేళ్ళ పాయింట్లు కూడి పై 18లో ఉంచడమో దించడమో చేస్తారు, 2022 ఆఖర్న రెండు పేరున్న టీములు అలాగే కిందికి పోయాయి. దాంతో ఏటవుద్దంటే టీములోళ్ళు చిన్న రేసులకి కూడా లగెత్తి పాయింట్లు ఏరుకుంటున్నారు. అది నాకు నచ్చదు గానీ దాని జోలికెళ్తే పొద్దుపోద్ది.

ఈ బెట్టిని సంగతి చదివిన రాత్రి నాకు ఎవరు గుర్తొచ్చారో చెప్తాను. మాది వంశధార ఒడ్డున ఊరు. నేను చిన్నప్పుడు కొట్లో పనికి కుదిరిన రోజులు. కోతలైపోయాక ఒకడొచ్చేవాడు, సైకిలు దిగకుండా వారం రోజులు తొక్కుతానని. మీలో పెద్దోళ్ళు చూసుంటారు. రామాలయం ముందు జాగాలో చుట్టూ తాడు కట్టి, మైకు పెట్టి, ట్యూబులైట్లు వేలాడదీసి. పగలూ రాత్రీ గుండ్రంగా తిరుగుతానే ఉండేవాడు. స్నానం సైకిలు మీద, గెడ్డం సైకిలు మీద, అన్నం ముద్ద సైకిలు మీద. రాత్రి పూట ట్యూబులైటు గుండెకేసి పగలగొట్టేవాడు, జనం ఈలలు. నచ్చినోళ్ళు రూపాయి నోటు పిన్నీసుతో చొక్కాకి గుచ్చేవాళ్ళు, మా అమ్మ చేటలో బియ్యం పట్టుకెళ్ళింది.

నా పని ఏటంటే ఆయిలు క్యాను పట్టుకుని పక్కన పరిగెడుతూ చైనుకి చుక్కలెయ్యడం. ఒక రాత్రి వెనక టైరు గాలి దిగిపోయింది, మా ఓనరు ఇంకో సైకిలు హేండిలు పట్టుకుని పక్కనే లగెత్తాడు, ఆ మనిషి కాలు నేలకి తగలకుండా దీని మీంచి దాని మీదికి మారిపోనాడు. ఊరంతా హో అంది. ఇప్పుడు ఫోన్లో చూస్తుంటే పంచరైన రైడరుకి కారులోంచి దిగి కొత్త సైకిలిచ్చి నడుం మీద చెయ్యేసి తోస్తారు గదా, ఆ పని నేనూ మా ఓనరూ ట్యూబులైటు వెలుగులో చేశాం, కామెంటరీ లేదంతే.

వారం అయ్యాక అతను దిగితే కాళ్ళు నిలబడలేదు, ఇద్దరు పట్టుకున్నారు. దండేశారు. మర్నాడు పక్కూరు ఎల్లిపోయాడు, అక్కడ ఇంకో వారం. కోతల నుంచి వానలు పడే దాకా ఊరూరా అదే. చెప్పండి, అది సీజన్ కాదా? ఎన్ని ఊళ్ళు తిరిగాడో ఎవరు రాశారు? అతని పేరే ఎవరూ రాయలేదు, సైకిలు తొక్కేవోడు అనేవాళ్ళం.

ఏటిది, చీటీయా? రెండు నిమిషాల్లో ముగించాలట. ముగిస్తాను, అతిథి గారు వచ్చేదాకా మాత్రం మాట్లాడమన్నది మీరే.

ఆ సంగతే చెప్పాలి అసలు. ఏడాదికోసారి ర్యాలీ పెడతాం. పిల్లలు ఐదున్నరకి వచ్చి నిలబడతారు, జెండా ఊపేవాళ్ళు ఎనిమిదికొస్తారు. జూన్ నెల శ్రీకాకుళం ఎండ మీకు నేను చెప్పక్కర్లేదు, చెమట కాదు స్నానమే. మూడు కిలోమీటర్లు తొక్కించి, టీషర్టు, అరటిపండు, ఫొటో. పోయినేడాది ఒక చోట ఒక అమ్మాయి, తొమ్మిదో తరగతి, గవర్నమెంటు ఇచ్చిన ఆ బుట్ట సైకిలు మీదే గేరు సైకిలు కుర్రాళ్ళందర్నీ దాటేసి ముందొచ్చింది. నా కళ్ళతో చూశాను. ఇది రేసు కాదు ర్యాలీ, మొదటోళ్ళు రెండోవోళ్ళు లేరన్నారు ఆ నిర్వాహకులు. పేరు రాసుకోలేదు. తర్వాత ఎవరినడిగినా ఏ బడి పిల్లో తెలీదంటారు. పెద్దోళ్ళకి మాత్రం స్లో సైకిల్ పోటీ పెట్టి కప్పిచ్చారు, ఎవడు అందరికన్నా నెమ్మదిగా వస్తాడో వాడికి! నవ్వుతారేటి, నాకు కడుపు మండిపోయింది.

మన ఆమదాలవలస పక్కన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఒలింపిక్ మెడలు తెచ్చింది, భారతదేశం ఆడోళ్ళలో మొదటి మెడలు. ఆవిడ ఏడాదికోసారి జెండా ఊపితే బరువులెత్తిందా? ఆఫ్రికాలో ఎరిత్రియా అని చిన్న దేశం ఉంది, అక్కడి కుర్రోడు బినియమ్ గిర్మాయ్ 2024లో టూర్ డి ఫ్రాన్స్‌లో మూడు స్టేజీలు కొట్టి, పాయింట్ల ఆకుపచ్చ చొక్కా తీసుకెళ్ళాడు. ఎరిత్రియాకి డబ్బేటి ఎక్కువుందా మనకన్నా? అక్కడ ఊళ్ళో సైకిలు రేసంటే రోడ్ల పక్కన జనం నిలబడతారు.

ఇంకోటి. ఆ రెండోవాడు రెబెల్లిన్, యాభై దాటే దాకా రేసులు తొక్కాడు. 2022లో ఆపాడు. అదే ఏడు నవంబరు ఆఖర్న రోడ్డు మీద సైకిలు తొక్కుతుంటే లారీ గుద్దేసి పోయాడు. అంతటోడికే దిక్కు లేకపోతే మన హైవే మీద పాల క్యాన్లు కట్టుకుని ఎల్లేవాడి గతేటి? అందుకే మనం ఇక్కడ పెట్టుకుందామని నేనడగబోయే రేసు హైవే మీద వద్దంటున్నాను, ఎవరడిగినా వద్దంటాను. అక్కడ పెడితే నేను రాను.

నేను అడిగేది ఇదీ. నెలకో ఆదివారం, పొద్దున్న ఐదున్నరకి, జెండా ఎవరికోసమూ ఆగదు. కళింగపట్నం రోడ్డొకటి, సముద్రం గాలి ఎదురుకొడతాది గాబట్టి ముందున్నోడు గాలి కోస్తుంటే వెనకోళ్ళు ఎలా బతుకుతారో పిల్లలకి అక్కడే తెలుస్తాది. ఆమదాలవలస ఒకటి. కొండ కావాలంటే పాలకొండ దాటి సీతంపేట ఘాటు, జిల్లాలు విడగొట్టారు గానీ కొండ అక్కడే ఉంది. జూలై నుంచి మార్చి దాకా. మొదటోళ్ళకి 20 పాయింట్లు, రెండుకి 15, అలా దిగుతూ ఆఖరోడి దాకా ఒక్కటైనా. పంచరైనోడికి ఆగి తన సైకిలిచ్చినోడికి ఐదు. ఇది యూసీఐలో లేదు, మనం పెట్టుకుందాం. ఆడపిల్లలకి వేరే పట్టిక, బుట్ట సైకిళ్ళకి వేరే పట్టిక, గేరు సైకిళ్ళకి వేరే.

పుస్తకం నేను కొన్నాను, ఇదిగో, రెండు వందల పేజీలది. గీతలు మా మనవరాలు గీసింది. పంచరు సామాను నాది, గాలి పంపు నాది. ముందు ఒక అంబులెన్సు, వెనకో అంబులెన్సు డాక్టరు గారు చూడాలి. ఏటండీ డాక్టరు గారూ, తలూపారు, అందరూ చూశారు. పోలీసోళ్ళకి అర్జీ లాయరు గారు రాస్తారు. అమ్మా, ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పుడు పదికొచ్చుంటాది, బుట్టకి ఎర్ర రిబ్బను కట్టుకుంటాది, మీ వీధిలో ఎక్కడైనా కనిపిస్తే నా కొట్టు చెప్పండి, ఏడు రోడ్ల జంక్షను దగ్గర సైకిలు కొట్టంటే ఎవరైనా చూపిస్తారు. పేర్లు ఇప్పుడే రాస్తాను, ఆ గోడ మీద గుంటలు ముందు దిగి రండి. తోసుకోకండి. చెప్పు నానా, నీ పేరేటి, ఏ ఊరు?