పాడేవాళ్లు లేని పాట

అందరికీ నమస్కారం.

నెల్లూరు ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం గురించి చెబుతాను. గ్రంథాలయ వారోత్సవాల్లో మాట్లాడమన్నారు కనుక ఒక పుస్తకంతోనే మొదలుపెడతాను. ఇది మన అల్మారాల్లో దొరికేది కాదు. రాత్రి బడుల్లో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పడానికి అచ్చు వేసిన పలచని వాచకం. 1991లో నెల్లూరు జిల్లాలో 'అక్షరదీపం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. భర్త తాగుడుతో ఒక ఇల్లాలు పడ్డ పాట్లు అందులో ఉన్నాయి. పగలంతా కూలికి పోయి వచ్చి, రాత్రి పలక పట్టుకున్న ఆడవాళ్లకు అది కథలా అనిపించలేదు. ఇది మన ఇంటి సంగతే కదా అనుకున్నారు. చదువు ఆగి మాటలు మొదలయ్యాయి. పాఠం చెప్పేవాళ్లు దారి మళ్లిందని కంగారుపడి ఉంటే చరిత్ర మరోలా ఉండేది. అదృష్టం, వాళ్లు కంగారుపడలేదు.

1992లో కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఒక మాట మీద నిలబడ్డారు. ఊళ్లోకి కల్లు బండి రానివ్వలేదు. సారా తెచ్చిన బండిని వెనక్కి పంపేశారు. ముందు నడిచిన వర్ధినేని రోశమ్మను ఆ తరువాత దూబగుంట రోశమ్మ అనే అందరూ పిలిచారు. ఆ ఊరి సంగతి తరువాతి వాచకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠంగా అచ్చయింది. నిన్న చదివినవాళ్లే ఇవాళ పాఠం అయ్యారన్న మాట. పక్క మండలాల ఆడవాళ్లు అది కూడబలుక్కుని చదివారు. దూబగుంట వాళ్లకు చేతనైంది మనకు చేతకాదా అని లేచారు. మూడొంతుల ఉద్యమం ఈ ఒక్క పౌరుషంతోనే పాకిందని నా అభిప్రాయం.

ఇప్పుడు డబ్బు సంగతి చూద్దాం. ఇది అర్థం కాకపోతే మిగతాదంతా వీరగాథలా మిగిలిపోతుంది. 1970-71లో రాష్ట్రానికి ఎక్సైజు రాబడి 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 812 కోట్లు. మధ్యలో 'వారుణి వాహిని' అని ప్రభుత్వమే సారాను పాకెట్లలో పోయించి ఊరూరా చేర్చింది. అంతకుముందు తాగేవాడు సారా దగ్గరికి వెళ్లేవాడు. పాకెట్టు వచ్చాక సారాయే గుమ్మం ముందుకు, పొలం గట్టు మీదికి వచ్చింది. ఆ కోట్లన్నీ ఎక్కడివి? సాయంత్రం కూలి డబ్బులు చేతిలో పడ్డ మనిషి ఇంటికి చేరేలోగా దారిలో ఖాళీ అయిన జేబులోవి. ఆ డబ్బు దుకాణానికి, దుకాణం నుంచి కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు కట్టే కిస్తీగా ఖజానాకు చేరేది. ఏడాదికోసారి జరిగే సారా పాట ఈ గొలుసును బిగించేది. మనవాళ్లు వేలంలో ధర పలకడాన్ని కూడా పాట పాడడమే అంటారు కదా, ఆ పాట.

నెల్లూరు ఆడవాళ్ల తెలివి ఇక్కడే ఉంది. మొదట దుకాణం మూయించారు. ఒక ఊళ్లో మూస్తే పక్క ఊళ్లో తెరుచుకుంది. మొగుడు అక్కడికి నడిచాడు. అప్పుడు చూపు పాట మీద పడింది. వందలూ వేలుగా తరలి వేలం జరిగే చోటికి వెళ్లి అడ్డంగా కూర్చున్నారు. వేలం వాయిదా పడింది. మళ్లీ తేదీ ప్రకటించారు, మళ్లీ వచ్చారు, మళ్లీ వాయిదా. రేపు అమ్ముకోగలనన్న నమ్మకం లేని సరుకుకు ఏ కాంట్రాక్టరు లక్షలు పాడతాడు? ఊళ్లో దుకాణం తెరవనివ్వరని తెలిశాక పాడేవాళ్లే కరువయ్యారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. కోట్ల విజయభాస్కరరెడ్డి అప్పుడు ముఖ్యమంత్రి.

ఇదంతా శాంతియుతమేనా అని నన్ను చాలామంది అడుగుతారు. అడిగేవాళ్లు ఎక్కువగా మగవాళ్లే, అది వేరే సంగతి. చీపుర్లు పట్టుకున్న మాట, కారప్పొడి చేత పట్టుకుని కాపలా కాసిన మాట, పాకెట్లు చించి సారా నేలపాలు చేసిన మాట నిజమే. దాచను. కానీ రోజూ దెబ్బలు తిన్నది వాళ్లు. ఊరి పెద్దలను, పోలీసులను ఎదుర్కొన్నదీ వాళ్లే. అయినా ప్రాణాలు తీసే దారి పట్టలేదు. గుంపుగా ఉండడమే వాళ్ల బలం. కర్రలు దిగితే ఆ గుంపులో ముసలమ్మలు, చంటిబిడ్డల తల్లులు నిలవలేరు. శాంతిగా ఉన్నంతసేపే ఊరంతా రాగలదు. ఈ లెక్క వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

పోల్చి చూడడానికి చీరాల-పేరాల చెబుతాను. 1921లో, పురపాలక సంఘం పేరుతో పన్ను మోయలేనంతగా పెంచారని జనం తిరగబడ్డారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలాది మంది ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగర్ అని పాకలు వేసుకున్నారు. ఎండా వానా ఓర్చుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఆ త్యాగానికి చేతులెత్తి మొక్కాలి. కానీ అక్కడ ప్రతి రోజూ నష్టం ఊరి జనానిదే. గోపాలకృష్ణయ్య జైలుకు వెళ్లాక జనం మెల్లగా ఇళ్లకు చేరారు. నెల్లూరులో ఉద్యమం సాగిన ప్రతి రోజూ కిస్తీ ఆగిన ఖజానాకు నష్టం, కూలి డబ్బు మిగిలిన ఇంటికి లాభం. సాయంత్రానికి పొయ్యి మీద అన్నం ఉడికే ఉద్యమం అది. అలసట రాదు.

తరువాత జరిగిందీ చెప్పాలి. 1994 డిసెంబరులో నందమూరి తారక రామారావు ప్రమాణ స్వీకార వేదిక మీదే మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు. వారుణి వాహిని కూడా ఆయన ప్రభుత్వం తెచ్చిందేనని గుర్తున్నవాళ్లు అప్పుడు నవ్వుకుని ఉంటారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమలైంది. 1997లో సడలించారు. బెల్టు షాపుల గురించి ఈ ఊళ్లో నేను చెప్పనక్కర్లేదు. అయితే ఉద్యమం ఓడిపోయిందా? సారా పాట మళ్లీ జరగలేదు. సంపూర్ణ నిషేధం మాత్రం ఎన్నికల వాగ్దానంగా పైనుంచి వచ్చింది. దాన్ని కాపాడే పని కూడా పైవాళ్లకే వదిలేశాం. దుకాణం ముందు కూర్చున్న ఆడవాళ్లు, గెలిచామని ఇళ్లకు వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టను. మర్నాడు కూలికి పోవాలి కదా.

ఇంకా చెప్పాలనే ఉంది గానీ, వెనక వరుసలో ఒక అమ్మ చెయ్యెత్తి చాలాసేపయింది. మైకు ఆమెకు ఇవ్వండి.